కొత్త కారు చేతికిచ్చారా? ముందు పార్కింగ్ బ్రేకు, తర్వాతే అడాస్

పాత ఇన్నోవాను ఏళ్ల తరబడి నడిపిన డ్రైవరుకు కొత్త హైక్రాస్ తాళం ఇస్తే, బండి ఆపగానే ఎడమ చెయ్యి అలవాటుగా సీటు పక్కకు వెళ్తుంది. అక్కడ పైకి లాగే హ్యాండ్ బ్రేకు ఉండదు. సున్నా చుట్టిన ‘పి’ అక్షరంతో వేలెడంత స్విచ్ ఒకటి, ‘హోల్డ్’ అని రాసిన బటన్ ఇంకొకటి కనిపిస్తాయి. స్టీరింగు మీద మరో అరడజను బటన్లు, మీటరులో ఎప్పుడూ చూడని రంగుల లైట్లు ఉంటాయి. వెనక సీట్లో ఓనర్ కూర్చుని ఉంటారు. అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. తెలిసినట్టే బండి తీస్తారు. ప్రమాదం మొదలయ్యేది ఆ మొహమాటం దగ్గరే.

ఈ మార్పు చాలా వేగంగా వచ్చింది. 2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డ్రైవరుకు సాయపడే ‘అడాస్’ ఫీచర్లతో వచ్చినప్పుడు అవి పెద్ద కార్లకే పరిమితమైన హంగులు. 2023లో హ్యుందాయ్ వెర్నాకు, 2024లో క్రెటాకు అవి చేరాయి. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన కొత్త హోండా అమేజ్‌తో చిన్న సెడాన్లలోకీ దిగాయి. నెలజీతానికి ఒకరి దగ్గరే చేసే డ్రైవరైనా, పిలిచిన రోజు వెళ్లే యాక్టింగ్ డ్రైవరైనా, ట్రావెల్స్ బండి తోలేవారైనా, హోటల్ ముందు వాలే పార్కింగ్ చేసే కుర్రాడైనా ఇక ఈ కార్లను తప్పించుకోలేరు.

వీటన్నింటికీ సూత్రం ఒకటే. కారు ఏ పని ఎంతవరకు చేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో బండి కదలకముందే మీకు తెలియాలి. ఆ హద్దు తెలిసిన డ్రైవరుకు ఈ ఫీచర్లు నిజంగా మేలు చేస్తాయి. తెలియనివారిని అవి అవసరమైన క్షణంలోనే ముంచుతాయి.

కదలకముందు పది నిమిషాలు

కొత్త కారు మొదటిసారి ఎక్కినప్పుడు ఓనరును పది నిమిషాలు అడగండి. “సార్, ఈ మోడల్ నేను ఇంతకుముందు నడపలేదు. పార్కింగ్ బ్రేకు, ఆటో హోల్డ్, అడాస్ ఎలా సెట్ చేసి ఉన్నాయో ఒక్కసారి చూపిస్తారా?” అంటే చాలు. లక్షలు పోసి కొన్న బండి విషయంలో ఇలా అడిగే మనిషిని ఏ ఓనరూ చిన్నచూపు చూడరు.

బండి నిలిపి ఉన్నప్పుడే అయిదు సంగతులు చూసుకోండి. పార్కింగ్ బ్రేకు స్విచ్ ఎక్కడుంది, అది పైకి లాగితే పడుతుందా, కిందికి నొక్కితేనా? ఇంజిన్ ఆపినప్పుడు బ్రేకు తనంతట తానే పడుతుందా? ఆటో హోల్డ్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లోనా? క్రూయిజ్ కంట్రోల్‌ను ఆపే బటన్ ఏది? లేన్ అసిస్ట్‌ను ఆపేది ఏది? ఓనరుకే తెలియకపోతే గ్లవ్ బాక్సులో మాన్యువల్ ఉంటుంది. ఇంగ్లీషు చదవడం ఇబ్బంది అనిపిస్తే షోరూంలో సర్వీస్ అడ్వైజరును తెలుగులో చెప్పమనండి. బండి డెలివరీ రోజు ఓనరుతో పాటు మీరూ వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఆ రోజు చూపించేవన్నీ రోజూ నడిపే మనిషే చూడాలి.

పార్కింగ్ బ్రేకు: స్విచ్ వెనక ఏం జరుగుతుంది?

పాత హ్యాండ్ బ్రేకులో మీరు లివరు లాగితే కేబుల్ బిగుసుకుని వెనక చక్రాలను పట్టేది. ఎంత బిగిసిందో చేతికే తెలిసేది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకులో ఆ పని మోటార్లు చేస్తాయి. ఎక్కువ కార్లలో వెనక చక్రాల కాలిపర్లకే రెండు చిన్న మోటార్లు బిగించి ఉంటాయి. స్విచ్ లాగగానే వెనక నుంచి ‘జుయ్’మని సన్నటి చప్పుడు వస్తుంది. స్విచ్ మీద లైటు, మీటరులో ఎర్రగుర్తు వెలుగుతాయి. చేతికి అందే ఆనవాలు ఏదీ లేదు కాబట్టి ఈ చప్పుడును, ఎర్రగుర్తును చెవితో, కంటితో పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. ఎర్రగుర్తు చూడకుండా సీటులోంచి లేవకూడదు.

చాలా కార్లలో స్విచ్ పైకి లాగితే బ్రేకు పడుతుంది, కాలు బ్రేకు పెడల్ మీద ఉంచి కిందికి నొక్కితే వదులుతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండి, సీటు బెల్టు పెట్టుకుని, తలుపులు మూసి, ‘డి’లోనో ‘ఆర్’లోనో వేసి యాక్సిలరేటరు నెమ్మదిగా తొక్కితే తనంతట తానే వదులుతుంది కూడా. బెల్టు పెట్టుకోకపోతేనో, తలుపు సరిగ్గా పడకపోతేనో అది వదలకపోవచ్చు. అలాంటప్పుడు యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కకండి. బెల్టు, తలుపు చూసుకుని, కాలు బ్రేకు మీద పెట్టి, స్విచ్‌తోనే వదలండి.

ఆటోమేటిక్ కారు ఆపేటప్పుడు పాటించాల్సిన వరస ఉంది. కాలితో బ్రేకు తొక్కి బండి పూర్తిగా ఆపండి. గేరు ‘ఎన్’లో పెట్టండి. పార్కింగ్ బ్రేకు స్విచ్ లాగండి. ఎర్రగుర్తు చూసి కాలు కొద్దిగా వదిలి బండి బరువు పార్కింగ్ బ్రేకు మీద పడనివ్వండి. ఆ తర్వాత మళ్లీ బ్రేకు తొక్కి ‘పి’లో వేసి ఇంజిన్ ఆపండి. ‘పి’లో వేసినప్పుడు గేర్‌బాక్సులో చిన్న ఇనుప కొక్కెం ఒక పళ్లచక్రంలోకి దిగి బండిని పట్టుకుంటుంది. వాలులో ముందే ‘పి’ వేసేస్తే మొత్తం బరువు ఆ కొక్కెం మీదే పడుతుంది. మళ్లీ గేరు తీసేటప్పుడు ‘టక్’మని గట్టిగా వినిపించే చప్పుడు అదే. మీటను ‘పి’కి తీసుకెళ్లే బదులు బటన్ నొక్కే కార్లు, ‘పి’ వేయగానే బ్రేకు కూడా పట్టేసే కార్లు ఉన్నాయి. వాటిలోనూ కాలు తీసేముందు ఎర్రగుర్తు చూడాల్సిందే.

మాన్యువల్ గేరు కారైతే ఎగువకు ముఖం పెట్టి ఆపినప్పుడు ఫస్ట్ గేరు, దిగువకు ముఖం పెట్టినప్పుడు రివర్స్ గేరు వేసి దిగండి. అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద, ఘాట్ రోడ్డు పక్కన తప్పనిసరిగా ఆపాల్సి వస్తే చక్రాలు గట్టు వైపు తిప్పి, టైరు కింద రాయి పెట్టండి. చాలాసేపు గట్టిగా తొక్కిన బ్రేకులు వేడెక్కి ఉంటాయి. అవి చల్లారేకొద్దీ పట్టు కొంచెం సడలవచ్చు. బయల్దేరేటప్పుడు ఆ రాయి రోడ్డు మీద వదలకుండా పక్కకు తీసేయండి. వెనక వచ్చే బైకు అతని ప్రాణం కూడా విలువైనదే.

నడుస్తున్నప్పుడు కాలి బ్రేకు పూర్తిగా ఫెయిలైతే ఈ స్విచ్‌ను లాగి, అలాగే పట్టుకుని ఉంచండి. హెచ్చరిక మోత వస్తుంది. చాలా కార్లు బ్రేకు వ్యవస్థతో నాలుగు చక్రాలనూ అదుపుగా ఆపుతాయి. స్విచ్ వదిలితే ఆగడం మానేస్తాయి. ఇది ప్రాణాపాయంలో వాడేది మాత్రమే. సరదాకు పరీక్షించకండి. పిల్లలు ముందు సీట్లో కూర్చున్నప్పుడు వారి చేతులు ఆ స్విచ్ మీదికి వెళ్లకుండా చూడండి.

ఆటో హోల్డ్: పంజాగుట్ట సిగ్నల్లో వరం, గేటు ముందు గండం

ఆటో హోల్డ్‌ను పార్కింగ్ బ్రేకు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. సిగ్నల్లో బ్రేకు తొక్కి బండి ఆపి కాలు తీసేస్తే, బ్రేకు లైన్లలోని ద్రవం ఒత్తిడిని కారు అలాగే బిగబట్టి ఉంచుతుంది. యాక్సిలరేటరు తాకగానే వదిలేస్తుంది. అమీర్‌పేట, పంజాగుట్ట లాంటి చోట్ల సాయంత్రం పూట నడిపేవారికి మోకాలు నొప్పి తగ్గించే మంచి ఫీచర్ ఇది. అయితే ఇది తాత్కాలికంగా నిలపడానికి ఉద్దేశించింది. బండిని వదిలి వెళ్లడానికి పనికిరాదు.

దీని లైటు రంగు కంపెనీని బట్టి మారుతుంది. హ్యుందాయ్, కియాల్లో తెల్లరంగు అంటే సిద్ధంగా ఉందని, ఆకుపచ్చ అంటే పట్టి ఉంచిందని అర్థం. టయోటాలో ఆకుపచ్చ అంటే సిద్ధంగా ఉందని మాత్రమే, పసుపు వస్తేనే పట్టి ఉంచినట్టు. క్రెటా నడిపి వచ్చిన డ్రైవరు హైక్రాస్‌లో ఆకుపచ్చ లైటు చూసి, బండి పట్టి ఉందనుకుని కాలు తీస్తే అది ముందుకు పాకుతుంది. రెండు మూడు బండ్లు మార్చి నడిపేవారు ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకోండి. మోడల్ మారితే రంగు అర్థం మళ్లీ అడగండి.

మధ్యాహ్నం ఓనరును ఇంటి దగ్గర దింపడానికి వచ్చారనుకుందాం. గేటు మూసి ఉంది. ముందు చిన్న ర్యాంపు. హారన్ కొట్టినా వాచ్‌మన్ రాలేదు. ఆటో హోల్డ్ పట్టి ఉంది, గేరు ‘డి’లోనే ఉంది. ‘ఒక్క నిమిషమే కదా’ అని తలుపు తీసి గేటు తెరవడానికి దిగుతారు. తలుపు తీసినా, బెల్టు విప్పినా చాలా కార్లు వెంటనే పార్కింగ్ బ్రేకు వేసుకుంటాయి. కొన్ని మోత మోగిస్తాయి. మీ చేతిలో ఉన్న మోడల్ ఆ క్షణంలో ఏం చేస్తుందో తెలియకుండా, గేటుకూ కారు ముక్కుకూ మధ్య మీరు నిలబడకూడదు. దిగాల్సి వస్తే ప్రతిసారీ ‘పి’, పార్కింగ్ బ్రేకు, ఎర్రగుర్తు, ఆ తర్వాతే తలుపు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి దిగడం అంతకన్నా ప్రమాదం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో చప్పుడు ఉండదు కాబట్టి బండి ఆన్‌లో ఉన్న సంగతే మరిచిపోతారు.

సెల్లార్‌లో స్తంభాల మధ్య అంగుళం అంగుళం జరిపి పార్కు చేసేటప్పుడు ఆటో హోల్డ్ ఆఫ్ చేసుకోండి. ఆగిన ప్రతిసారీ అది పట్టుకుంటుంది, వదిలించడానికి యాక్సిలరేటరు తాకాలి, ఆ తాకడంలో బండి ఒక్కసారిగా ఎగురుతుంది. గోడకు, బంపరుకు గీతలు పడేది ఇలాగే. వాటర్ సర్వీసింగ్ ర్యాంపు మీద, బండిని చేత్తో నెట్టేటప్పుడు కూడా దాన్ని ఆఫ్ చేయాలి.

హిల్ హోల్డ్ వేరే ఫీచర్. ఎగువలో బ్రేకు మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటరు తొక్కేలోపు బండి వెనక్కి జారకుండా అది కొద్ది సెకన్లు మాత్రమే పట్టి ఉంచుతుంది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో దాన్ని నమ్ముకుని కాలు తీసి కూర్చుంటే వెనక ఉన్న బండిని గుద్దుతారు.

బ్యాటరీ దిగిపోతే

పాత కారు బ్యాటరీ డౌనైతే హ్యాండ్ బ్రేకు దించి నలుగురూ నెట్టేవారు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు పడి ఉన్న బండి కరెంటు లేకపోతే వదలదు. జంప్ స్టార్టు ఇచ్చి బ్రేకు వదిలించడమే మార్గం. అందుకే ఈ కార్లలో జంపర్ కేబుళ్లు ఎప్పుడూ డిక్కీలో ఉండాలి. టోయింగ్ బండి వస్తే వెనక చక్రాలు బిగిసి ఉండగా రోడ్డు మీద ఈడ్చనివ్వకండి. బండి మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ అడగండి.

వెనక బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. కాలిపర్‌లో మోటారు ఉంటుంది కాబట్టి ముందు స్కానరుతోనో, కంపెనీ చెప్పిన పద్ధతిలోనో సర్వీస్ మోడ్‌లో పెట్టి పిస్టన్‌ను వెనక్కి రప్పించాలి. పాత అలవాటుగా సీ-క్లాంపుతో బలవంతంగా నొక్కితే మోటారు పాడవుతుంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్తే “అన్నా, దీనికి ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంది, మీ దగ్గర స్కానరు ఉందా?” అని ముందే అడగండి. ఆ ఒక్క మాట ఓనరు డబ్బు కాపాడుతుంది.

అడాస్: సాయం చేస్తుంది, బాధ్యత తీసుకోదు

అడాస్ అంటే డ్రైవరుకు సాయపడే ఫీచర్లన్నింటికీ కలిపి పెట్టిన పేరు. అద్దం పైభాగంలో అతికించిన కెమెరా, కొన్ని కార్లలో ముందు గ్రిల్ దగ్గర ఉండే రాడార్ దీనికి కళ్లు. ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ సున్నా నుంచి 5 వరకు స్థాయిలు పెట్టింది. మన దగ్గర ఎక్కువగా వినిపించే ‘లెవెల్ 2’ అంటే కారు వేగాన్ని, స్టీరింగును రెండింటినీ కొంతమేర చూసుకుంటుంది. రోడ్డును చూడటం మాత్రం పూర్తిగా డ్రైవరు పనే. ‘లెవెల్ 2’ అనే మాట షోరూంలో ఎంత గొప్పగా వినిపించినా, కారు తనంతట తాను నడుస్తుందని దాని అర్థం కాదు.

అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌ను ముందుగా చూద్దాం. మీరు 100 అని సెట్ చేస్తే ఆ వేగంతో వెళ్తూ, ముందు బండి నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తుంది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద దీన్ని వాడటం సుఖం. అక్కడ బైకులకు, నడిచేవారికి ప్రవేశం లేదు. ఎదురు బండ్లు రావు. విజయవాడ హైవే మీద మాత్రం ఊళ్లున్న చోట డివైడరు గ్యాపుల్లోంచి బైకులు, ట్రాక్టర్లు అకస్మాత్తుగా రోడ్డెక్కుతాయి. ఊరు దగ్గర పడగానే బ్రేకు తాకి క్రూయిజ్ ఆపేయండి.

దీనికి నాలుగు బలహీనతలున్నాయి.

ఒకటి, రోడ్డు మీద పూర్తిగా ఆగి ఉన్న బండిని ఇది గుర్తించకపోవచ్చు. కదులుతున్న బండిని వెంబడించడం దీని ప్రధానమైన పని. టోల్‌గేటు ముందు వరసగా ఆగిన లారీలు, పంక్చరై పక్కన సగం రోడ్డు ఆక్రమించి నిలబడ్డ చెరకు ట్రాక్టరు, వెనక లైట్లు లేని ట్రాలీ దీని లెక్కలోకి రాకపోవచ్చు. లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీల సంగతి అసలే నమ్మకూడదు. అది లారీ బాడీని చూసి దూరం లెక్కవేసుకుంటుంది, కడ్డీలు అంతకన్నా ముందే ఉంటాయి.

రెండు, మలుపుల్లో ముందు బండిని కోల్పోతుంది. అవుటర్ మీద 100 సెట్ చేసి లారీ వెనకాల 60లో వెళ్తున్నారు. మీ ఎగ్జిట్ రాగానే ఎడమకు తిరిగి ర్యాంపులోకి దిగారు. లారీ నేరుగా వెళ్లిపోయింది. ముందు ఖాళీ అయిందనుకుని కారు మళ్లీ 100 అందుకోవడానికి యాక్సిలరేటరు ఇస్తుంది. ఆ ర్యాంపు 40లో తిరగాల్సిన మలుపు. ఎగ్జిట్ బోర్డు కనబడగానే క్రూయిజ్ ఆపే అలవాటు చేసుకుంటే ఈ ప్రమాదమే ఉండదు.

మూడు, ‘రెజ్యూమ్’ బటన్. టోల్ దగ్గర బ్రేకు తొక్కారు, క్రూయిజ్ ఆగింది. టోల్ దాటాక రెజ్యూమ్ నొక్కితే కారు పాత 100కే పరిగెత్తాలని చూస్తుంది. ముందు గేట్లు దాటిన బండ్లన్నీ లేన్ల కోసం తోసుకుంటూ ఉంటాయి. పూర్తిగా రోడ్డు విడిపోయాక, కాలితో వేగం తెచ్చుకున్నాకే మళ్లీ సెట్ చేయండి.

నాలుగు, వాన. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు పట్టు తప్పడాన్ని ముందుగా పసిగట్టి వేగం తగ్గించేది డ్రైవరే. వానలో, మంచులో, ఘాట్ రోడ్లలో క్రూయిజ్ వాడకండి. తిరుమల, శ్రీశైలం, అరకు దిగేటప్పుడు తక్కువ గేరు వేసి ఇంజిన్ పట్టుతో దిగడమే పద్ధతి. ఎలక్ట్రిక్ కారైతే పైన ఫుల్ ఛార్జి చేసి దిగకండి. నిండిన బ్యాటరీకి దిగువలో వచ్చే కరెంటు తీసుకునే చోటు ఉండదు, ఆ కరెంటు తయారుచేస్తూ బండిని నెమ్మదింపజేసే రీజెన్ బ్రేకింగ్ బలహీనపడుతుంది.

ముందు బండికి ఎంత దూరం ఉంచాలో మూడు నాలుగు గీతలతో సెట్ చేసే వీలుంటుంది. అన్నింటికన్నా ఎక్కువ దూరమే పెట్టండి. ఆ సందులోకి ఎవరో దూరతారు. దూరనివ్వండి. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. ఫోన్ స్క్రీన్ వైపు మూడు సెకన్లు చూస్తే 80 మీటర్లకు పైగా చూడకుండా నడిపినట్టు. క్రూయిజ్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఆ లెక్క మారదు.

లేన్ అసిస్ట్: ఇండికేటరు వేసేవారికే మేలు

లేన్ కీప్ అసిస్ట్ రోడ్డు మీది తెల్లగీతలను చూసి, బండి గీత దాటుతుంటే స్టీరింగును మెల్లగా వెనక్కి లాగుతుంది. చాలా కార్లలో 60, 65 కిలోమీటర్ల వేగం దాటాకే పనిచేస్తుంది. ఇండికేటరు వేస్తే మీరు కావాలనే మారుతున్నారని అర్థం చేసుకుని వదిలేస్తుంది. ఇండికేటరు వేయకుండా గుంత తప్పించబోతే స్టీరింగు చేతిలో ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది. అప్పుడు కంగారు పడకండి. కాస్త గట్టిగా తిప్పితే మీ చేతిదే పైచేయి అవుతుంది.

గీతలు చెరిగిన రోడ్లలో, రోడ్డు పనులు జరుగుతూ పాత గీతలు, కొత్త గీతలు రెండూ ఉన్నచోట, సింగిల్ రోడ్ల మీద లేన్ అసిస్ట్ ఆఫ్ చేయండి. ఎక్కువ కార్లలో స్టీరింగు మీది ఒక బటన్‌తో ఆగుతుంది. చేతులు తీస్తే కారు హెచ్చరిస్తుంది కదా అని స్టీరింగుకు నీళ్ల సీసా కట్టి దాన్ని మోసం చేసేవారున్నారు. అది ప్రాణాలతో ఆట. ఆ పని చేయమని ఎవరు చెప్పినా చేయకండి.

ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను ఎప్పుడూ ఆపకండి

మిగతావి రోడ్డును బట్టి వాడుకోవచ్చు. ముందు బండిని గుద్దబోతున్నప్పుడు మోత మోగించి, ఆ తర్వాత తానే బ్రేకు వేసే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను మాత్రం ఆన్‌లోనే ఉంచండి. బైకులు అడ్డం దూరినప్పుడు అనవసరంగా మోగుతోందని చాలామంది దీన్ని పూర్తిగా ఆఫ్ చేస్తారు. సెట్టింగుల్లో హెచ్చరికను ముందుగానో, ఆలస్యంగానో ఇచ్చేలా మార్చుకునే వీలుంటుంది. ముందుగా ఆ మార్పు చేసి చూడండి.

తక్కువ వేగంలో ఇది గుద్దడాన్నే తప్పించవచ్చు. ఎక్కువ వేగంలో దెబ్బ తీవ్రతను మాత్రమే తగ్గించగలదు. రాత్రిపూట నల్లటి గేదెను, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పను, దాని చుట్టూ పేర్చిన రాళ్లను చూస్తుందని అనుకోకండి. అట్టపెట్టె పెట్టి, మనిషిని నిలబెట్టి పరీక్షించే పని ఎప్పుడూ చేయకండి. మీ బండి ఒక్కసారిగా ఆగితే వెనకవాడు గుద్దే అవకాశం ఉంది కాబట్టి వెనక అద్దం చూస్తూ ఉండటమూ మీ పనే.

రివర్స్‌లో వెనక పక్క నుంచి వచ్చే బండిని చెప్పే ఫీచరు, పక్కన కనపడని బండికి అద్దంలో లైటు వెలిగించే బ్లైండ్ స్పాట్ ఫీచరు చాలా ఉపయోగం. 2019 జులై 1 నుంచి కొత్త కార్లలో వెనక పార్కింగ్ సెన్సర్లు, 80 దాటితే మోగే హెచ్చరిక తప్పనిసరి అయ్యాయి. ఇవేవీ తల తిప్పి చూడటానికి ప్రత్యామ్నాయం కావు. సెన్సరు కన్నా కిందుగా ఉండే చిన్న పిల్లలు వాటికి అందకపోవచ్చు. అపార్టుమెంటులో వెనక్కి తీసేముందు ఒకసారి దిగి చూడండి.

కారు కళ్లకు పసుపు రాయకండి

కొత్త కారుకు పూజ చేయించడం మన ఆచారం. గ్రిల్ మధ్య లోగో మీద పసుపు పూసి కుంకుమ బొట్టు పెడతాం, బంతిపూల దండ వేస్తాం, నిమ్మకాయలు, మిరపకాయలు కడతాం. చాలా కార్లలో రాడార్ ఆ లోగో వెనకో, కింది గ్రిల్‌లోనో ఉంటుంది. దాని మీద దండ వేలాడినా, పసుపు గట్టిపడినా సెన్సరు మూసుకుపోయిందని మీటరులో సందేశం వస్తుంది, క్రూయిజ్ ఆగిపోతుంది. పూజ బానెట్ మీద చేయించండి. పూజారి గారికి ముందే చెబితే ఆయనా అర్థం చేసుకుంటారు.

లోపల అద్దానికి వేలాడదీసే బొమ్మలు, దేవుడి పటాలు, స్టిక్కర్లు కెమెరా ముందుకు రాకుండా చూడండి. ఫాస్టాగ్ కూడా కెమెరాకు అడ్డం లేని చోట అతికించండి. కెమెరా ఎదురుగా ఉన్న అద్దాన్ని రోజూ తుడవండి. అద్దం పగిలి కొత్తది వేయిస్తే కెమెరాకు క్యాలిబ్రేషన్ చేయాలి. బంపరు మార్చినా రాడార్‌ను సరిచూడాలి. ఇన్సూరెన్సులో పని అయినప్పుడు “క్యాలిబ్రేషన్ చేశారా?” అని అడిగి, చేసినట్టు బిల్లులో రాయించుకోండి. క్యాలిబ్రేషన్ తప్పిన కెమెరా పక్క లేన్ బండిని మీ ముందున్నట్టు చూడవచ్చు.

కేసు ఎవరి మీద?

కారు తానే బ్రేకు వేయలేదని చెబితే చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. నడుపుతూ చేత్తో ఫోన్ పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. కేసు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి మీదే పడుతుంది. పోయేది ఆ కుటుంబానికి అన్నం పెట్టే లైసెన్సు.

అందుకే వెనక సీటు నుంచి “వదిలెయ్ బాబూ, అదే తొక్కుకుంటుంది” అని సార్ అన్నా తొందరపడకండి. “బైకులు అడ్డం వస్తున్నాయి సార్, అవుటర్ ఎక్కాక పెడతాను” అని మర్యాదగా చెప్పండి. అదేవిధంగా ఓనరుకు చెప్పకుండా ఏ భద్రతా ఫీచరునూ ఆఫ్ చేసి ఉంచకండి. వేరే డ్రైవరుకు బండి అప్పగించేటప్పుడు ఏది ఆన్‌లో ఉందో, ఏది ఆఫ్‌లో ఉందో చెప్పి అప్పగించండి. నిద్ర వస్తున్నప్పుడు మీటరులో కాఫీ కప్పు గుర్తు కనిపిస్తే దాన్ని కొట్టేసి ముందుకెళ్లకండి. బండి పక్కన ఆపి పడుకోండి. నిద్రపోతున్న డ్రైవరును ఇంటికి చేర్చే కారు మన రోడ్ల మీద ఇంకా లేదు.

ఓనర్లకూ ఒక మాట. కొత్త కారు తాళం ఇచ్చేటప్పుడు డ్రైవరుకు పది నిమిషాలు ఇవ్వండి. తెలియదని చెప్పినవారిని మందలించకండి, నేర్పించండి. డ్రైవర్లకు చెప్పేది ఇదే: మొహమాటం పక్కన పెట్టి అడగండి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఒకసారి అలవాటు చేసుకోండి, దిగే ప్రతిసారీ ఎర్రగుర్తు చూడండి. ఇవన్నీ తెలిసిన డ్రైవరుకు రేపటి ఏ కారు తాళమైనా ధైర్యంగా అందుకునే అర్హత ఉంటుంది. జీతం గురించి మాట్లాడేటప్పుడు ఆ నైపుణ్యాన్ని గట్టిగా చెప్పుకోండి. అది మీరు కష్టపడి సంపాదించుకున్నది.